తొమ్మిది గంటలకు గూట్లోకి

మా అక్క కర్నూలు ఓల్డ్ టౌన్‌లో, కొండారెడ్డి బురుజుకు నడిచిపోయేంత దూరంలో ఉంటుంది. ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. బావ లారీ డ్రైవరు. అల్లుడు తొమ్మిదో తరగతి. నేను టీచర్ని. మొన్న ఆదివారం రాత్రి మిద్దె మీద పడుకోబోయే ముందు ఒక మాట అన్నాను. రోజూ రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో గోడ గూట్లో పెట్టాలి, తెల్లారేదాకా మంచం దగ్గరికి రాకూడదు అని. దాని మీద మా ఇద్దరికీ జరిగిన వాదన ఇది. అక్క అన్నవాటిలో కొన్నింటికి నా దగ్గర జవాబు లేకపోయింది. వాటినీ ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

తమ్ముడు: అక్కా, నిన్న రాత్రి నీళ్లకు లేచాను. పన్నెండు దాటింది. అల్లుడి దుప్పట్లోంచి వెలుగు వస్తోంది. పల్చటి దుప్పటి కదా, వాడి బొటనవేలు ఆడటం కూడా కనిపించింది. పైకి, మళ్లీ పైకి, మళ్లీ పైకి. పక్కనే నిలబడ్డా వాడికి తెలియలేదు.

అక్క: నాకు తెలీదనుకున్నావా? రెండుసార్లు లాక్కున్నాను, ఒకసారి కొట్టాను. మూడో రోజు మళ్లీ అదే. వాడి ఫోన్ గూట్లో పెట్టు, కాదనను. నా ఫోన్ జోలికి ఎందుకొస్తావు?

తమ్ముడు: మన చేతిలో ఫోన్ పెట్టుకుని వాణ్ణి వద్దంటే వింటాడా?

అక్క: నా గిరాకీ ఏ వేళకు వస్తుందో తెలుసా నీకు? బ్లౌజు డిజైన్లు అడిగే ఆడవాళ్లు పగలు అడగరురా. వంట, పిల్లలు, గిన్నెలు అన్నీ అయ్యి, తొమ్మిదిన్నరకు నడుం వాల్చినప్పుడే "అక్కా, ఈ నెమలి మెడకు ఎంత?" అని ఫోటో పెడతారు. ఐదు నిమిషాల్లో జవాబు రాకపోతే అదే ఫోటో ఇంకొకరికి పోతుంది. ఇక మీ బావ. పదింటికి ఏదో ధాబా దగ్గర బండి ఆపి వీడియో కాల్ చేస్తాడు. ఆ పది నిమిషాలే మా సంసారం. దాన్ని కూడా గూట్లో పెట్టమంటావా?

(ఇక్కడ నాకు కాసేపు నోట మాట రాలేదు. ఫోన్ తగ్గించండి అని చెప్పే మనలాంటివాళ్లకు పని వేళలూ సెలవులూ ఉంటాయి. రాత్రి తొమ్మిదిన్నరకే బేరాలు మొదలయ్యే మనిషి సంగతి నేను ఆలోచించలేదు.)

తమ్ముడు: బావ కాల్ ఆపమనను. డు నాట్ డిస్టర్బ్ పెట్టి, బావ నంబరుకు మినహాయింపు ఇద్దాం. మిగతావి మోగవు, ఆయన మామూలు కాల్ చేస్తే మోగుతుంది. హాల్లోకి వెళ్లి ఎత్తి, వీడియో కలుపుకుని మాట్లాడి, మళ్లీ అక్కడే పెట్టు. గిరాకీకి వాట్సాప్ బిజినెస్‌లో ‘అవే మెసేజ్’ అని ఉంది, మనం చూడని వేళల్లో ముందే రాసిపెట్టిన జవాబు పంపడానికి. "డిజైన్ చూశాను, పొద్దున తొమ్మిదికి రేటు చెప్తాను" అని అదే పంపుతుంది.

అక్క: చూడకుండానే చూశానని చెప్పమంటావా? మెషిన్ మాటకు బేరం నిలవదు. పదిన్నరదాకా నా ఫోన్ నా దగ్గరే ఉంటుంది. ఆ తర్వాతైతే చూద్దాం.

తమ్ముడు: సరే, పదిన్నర. కానీ ఒకటి అడుగుతా, కోప్పడకు. రాత్రి చూసేదంతా గిరాకీయేనా?

అక్క: ఇంకేంటి మరి? రోజంతా ఫోన్ పక్కనే కూర్చుంటాను, నాకు ఏ పిచ్చీ లేదు. మనిషికి అదుపుండాలిగానీ ఫోన్‌ను తిట్టి ఏం లాభం?

(అక్క ఫోన్ ఎప్పుడూ మగ్గం చట్రం పక్కన, పూసల డబ్బాకు ఆనించి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎంతసేపు చూశామో చూపించే డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి తన చేతికే ఇచ్చాను. ఆ రోజు వాట్సాప్ 50 నిమిషాలు, ఇన్‌స్టాగ్రామ్ 2 గంటల 40 నిమిషాలు. అక్క దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత ఎడమచేతి చూపుడువేలు ముందుకు చాపింది. మగ్గం సూది గుచ్చుకుని కొనంతా చిన్న చిన్న నల్ల చుక్కలు.)

అక్క: ఇవి కొత్తవి. పాతికేళ్లుగా చేస్తున్న పని, నాకు సూది గుచ్చుకునేది కాదు. డిజైన్లు చూద్దామనే తెరుస్తాను. ఎటు పోతానో ఏమో.

తమ్ముడు: అది నీలో అదుపు లేక కాదక్కా. వెనకటికి వెబ్ పేజీకి కింద ఒక చివర ఉండేది. అక్కడికి రాగానే చెయ్యి ఆగేది, చాలా, ఇంకా కావాలా అని మనసుకు తట్టేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ చివర లేకుండా చేశాడు. వేలు జరిపేకొద్దీ కొత్తది వస్తూనే ఉంటుంది. చేసినందుకు బాధపడుతున్నానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. మన వైపు మట్కా ఆడేవాళ్లను చూడు. రోజూ తగిలితే ఎవడికీ మోజు ఉండదు, ఎప్పుడూ తగలకపోతే మానేస్తాడు. ఎప్పుడో ఒకసారి తగులుతుంది కాబట్టే వదలడు. రీల్స్ కూడా అంతే. నాలుగు చప్పగా ఉంటాయి, ఐదోది నవ్విస్తుంది. ఆ ఐదోదాని కోసమే వేలు ఆడుతుంది.

అక్క: తెలిసే చేశారన్నమాట. అలాంటప్పుడు గవర్నమెంటు ఆపాలి గానీ, నా ఇంట్లో గూడు ఎందుకు?

తమ్ముడు: 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను ఆపింది కదా, వేరే కారణాలతో. జూలైలోనే మనకు రీల్స్ వచ్చాయి. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ల లోపువాళ్లకు సోషల్ మీడియా అకౌంట్లు ఉండకూడదు. తప్పితే జరిమానా కంపెనీలకే, పిల్లలకూ తల్లిదండ్రులకూ కాదు. ఆ పద్ధతి నాకు నచ్చింది. మన దగ్గర కూడా గట్టిగా అడగాల్సిందే. ఈలోపల అల్లుడి నిద్ర మాటేంటి?

అక్క: నిద్ర మాట సరే. ఫోన్ తీసేసుకుని బదులుగా ఏమిస్తావు వాడికి? అది చెప్పు ముందు. మనకు ఎండాకాలం హంద్రీలో ఇసుక ఉండేది. చీకటి పడ్డాక అమ్మ వచ్చి కేకేస్తేగానీ ఇంటికి పోయేవాళ్లం కాదు. ఇప్పుడు అక్కడ మురుగు. వీధిలో బ్యాట్ పట్టుకుంటే బండ్లు. స్కూలు, స్టడీ అవర్ అయ్యేసరికి ఆరు. నాన్న నెలలో పది రోజులు ఉంటే గొప్ప. నేను మగ్గం మీద నుంచి తల ఎత్తను. వాడి స్నేహితులంతా ఆ ఫోన్‌లోనే ఉన్నారు. నువ్వు తీసుకునేది ఫోన్ ఒక్కటే అనుకుంటున్నావు. వాడికి మిగిలిన మనుషులను కూడా తీసుకుంటున్నావు.

(దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.)

తమ్ముడు: కోపం, తిండి మానడం, చదువు పడిపోవడం దాకా వస్తే బెంగళూరు నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థలో దీనికే 2014 నుంచి క్లినిక్ ఉంది. అంతదూరం పోనక్కర్లేకుండా గవర్నమెంటు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

అక్క: వాడికి అంత లేదు. నేను అడిగింది డాక్టర్ని కాదు.

తమ్ముడు: తెలుసు. సాయంత్రాలు అడిగావు. వారంలో మూడు రోజులు నేను వచ్చి అవుట్‌డోర్ స్టేడియానికి తీసుకెళ్తాను. స్టడీ అవర్ మాన్పించమని వాళ్ల స్కూల్లో నేనే మాట్లాడతాను. ఒప్పుకుంటారో లేదో చూద్దాం.

అక్క: మూడు రోజులని చెప్పి రెండో వారానికి మానేస్తే వాడు ఇక మన ఇద్దరి మాటా వినడు. అది గుర్తుపెట్టుకో. అవునూ, ఫోన్ గూట్లో పెడితే పొద్దున ఐదింటికి నన్ను ఎవరు లేపుతారు?

తమ్ముడు: అలారం గడియారం తెస్తాను.

అక్క: గట్టిగా మోగేది తీసుకురా. చార్జర్ కూడా తీసుకుపోయి గూటి దగ్గరే పెట్టు. మంచం పక్కన ఆ వైరు ఉంటే పడుకోబోతూ చెయ్యి దానికే పోతుంది.

తమ్ముడు: నీది పదిన్నరకు, మరి అల్లుడిది?

అక్క: తొమ్మిదికే. నాది పదిన్నరదాకా ఎందుకుంటుందో రేపు వాణ్ణి కూర్చోబెట్టి, ఆ గిరాకీ మెసేజీలు చూపించి నేనే చెప్తాను. నువ్వు మధ్యలో రాకు.