పండగ పార్శిల్ గారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ పండగ పార్శిల్ గారికి,

విశాఖపట్నం, కూర్మన్నపాలెం నుంచి ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒక తండ్రి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే, మేమిద్దరం ఇక్కడ కుశలం. మీరు కూడా ఒక్క మూల నలగకుండా, టేపు ఊడకుండా కనుమ నాడు ఉదయం పదకొండు గంటలకు మా గుమ్మం ఎక్కారు కనుక మీరూ కుశలమే.

'కనుమ నాడు కాకైనా కదలదు' అంటారు మా పెద్దవాళ్ళు. ఆ రోజు ఎక్కడివాళ్ళు అక్కడే ఉండి, గారెలు తిని, వచ్చిన చుట్టాలను ఆపుకోవాలి. మీరేమో కాకిని మించి కదిలారు. కదలాల్సినవాడు కదలలేదు, అది వేరే సంగతి. దానికి మిమ్మల్ని అని ఏం లాభం? అయినా అంటాను. అనడానికి ఇంట్లో మీరు తప్ప మూడో ప్రాణి లేదు.

ఈ ఉత్తరం మీ వీపు మీద కాగితం పెట్టుకునే రాస్తున్నాను. మూడు రోజులైనా మిమ్మల్ని ఇంకా విప్పలేదు. హాల్లో కిటికీ కింద మీరు కూర్చున్న చోటికి పొద్దున్నే ఎండ సరిగ్గా పడుతుంది కనుక మా ఆవిడ మీ మీద వడియాల పళ్ళెం పెడుతోంది. మధ్యాహ్నం ఎండ తిరిగాక పళ్ళెం తీసేసి మిమ్మల్ని నాకు అప్పగిస్తుంది. ఇంతకు ముందు వచ్చిన మీ అన్నగార్లకంటే మీరే ఎక్కువ పనికొచ్చారు, విప్పకుండానే.

మీ అన్నగార్ల గురించి మీకు తెలియాలి. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి నాలుగు సంక్రాంతులుగా రాలేదు. నాలుగుసార్లూ మీ వంశంలోంచి ఒకరిని పంపాడు. మొదట వచ్చినది చేతి గడియారం. టైము చూపించడం దానికి చిన్నతనం; నా అడుగులు లెక్కపెడుతుంది, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో రాసుకుంటుంది, రాసుకున్నదంతా వాడి ఫోనుకు చేరవేస్తుంది. ఒకరోజు వాడు ఫోను చేసి, "నాన్నా, నిన్న రాత్రి మూడింటికి లేచి తిరిగావేమిటి?" అని అడిగాడు. ఎందుకు లేచానో గడియారం రాయలేదట. నేనూ చెప్పలేదు.

రెండోది నూనె లేకుండా వండే యంత్రం. ఆ ఏడాది కనుమకు మా ఆవిడ అందులో గారెలు వేసింది. ఆ గారెల గురించి ఎక్కువ రాయను. వీధి కుక్కకు ఒకటి వేస్తే వాసన చూసి, నా ముఖం చూసి వెళ్ళిపోయింది.

అసలు కథ మూడో ఆయనది. పోయిన ఏడాది వచ్చారు. గుండ్రంగా, నల్లగా, పీట ఎత్తున, తనంతట తానే ఇల్లు ఊడ్చే మర. మాది ఫ్లాటు కనుక వాకిలి లేదు. మా ఆవిడ సంక్రాంతి నాడు తెల్లవారుజామున లేచి హాల్లోనే, దేవుడి గది ముందు, బియ్యప్పిండితో చుక్కల ముగ్గు వేసి, మధ్యలో గొబ్బెమ్మను పెట్టి, బంతిపూల రెక్కలు చల్లింది. రెండు గంటలు నడుం వంచిన పని. తొమ్మిది గంటలకు ఆ మరకు వేళ అయింది. మూలలోంచి బయలుదేరి ముగ్గు అంచు దగ్గర ఒక క్షణం ఆగింది. పరవాలేదు, సంస్కారం ఉంది అనుకున్నాను. అంతలోనే మొదటి వరుస చుక్కలు మింగింది. మా ఆవిడ వంటింట్లోంచి అట్లకాడతో వచ్చేసరికి ముగ్గు సగం దాని కడుపులో ఉంది, గొబ్బెమ్మ దాని చక్రం కింద ఉంది. అప్పుడది కదలక మెదలక నిలబడి, తాను ఇరుక్కుపోయానని, ఎవరైనా వచ్చి విడిపించమని ఇంగ్లీషులో మొర పెట్టుకుంది.

నిమిషంలో ఫోను మోగింది. వాడే. "నాన్నా, దాని చక్రంలో ఏదో చిక్కుకుందట, కాస్త చూడు."

నా మోకాలు చిక్కుకుని పన్నెండేళ్ళు. దానికి ఎప్పుడూ అలా నిమిషంలో ఫోను రాలేదు. వెంటనే రాలేదని కాదు నా బాధ. నాకూ ఆ మరలాగ గట్టిగా అరిచే మీట ఒకటి ఉంటే బాగుండేది అని. మా ఆవిడ ఇంకో దారి కనిపెట్టింది. ఆ మర వచ్చిన పెట్టె మీద 'పెళుసు వస్తువు, జాగ్రత్తగా పట్టుకోవలెను' అని ఎర్ర చీటీ ఉంటే దాన్ని ఊడదీసి తెచ్చి, "ఇది మీ మోకాలికి అంటించనా?" అంది. ఆ పెట్టెను మొన్న భోగి మంటలో వేశాం. అట్ట బాగా మండింది. మా అపార్ట్‌మెంటు కింద చలికి వణుకుతున్నవాళ్ళందరూ మీ అన్నగారి పుణ్యమా అని చేతులు కాచుకున్నారు. మేము ఆ మంట వేసేసరికి తెల్లవారుజామున ఐదు. డల్లాస్‌లో ముందురోజు సాయంత్రం ఐదున్నర. వాడు ఆఫీసు నుంచి వస్తూ కారులో కూర్చుని, ఫోను తెరలో మంట చూసి, "బాగుంది నాన్నా" అన్నాడు. సెగ తగలని మంట అంతకంటే ఎలా బాగుంటుంది?

వాడిని తప్పు పట్టడం లేదు, గమనించగలరు. వాడు రావాలంటే వీసా ముద్ర మళ్ళీ వేయించుకుని వెనక్కి వెళ్ళాలి. ఆ ముద్ర ఎప్పుడు పడుతుందో, పడకపోతే అక్కడి ఉద్యోగం, అద్దె ఇల్లు, కారు అప్పు ఏమవుతాయో అని భయం. మీకు ఆ బాధ లేదు. మిమ్మల్ని ఏ కిటికీ దగ్గరా నిలబెట్టి ఎందుకు వెళ్తున్నావని అడగరు. పైగా అక్కడ పండగ కూడా సెలవు చూసుకుని వస్తుంది. సూర్యుడు మకర రాశిలోకి ఏ వారం అడుగుపెట్టినా, డల్లాస్ తెలుగువాళ్ళు హాలు దొరికిన శనివారం దాకా ఆగమంటారు. మా సింహాద్రి అప్పన్న ఏడాది పొడుగునా చందనం పూతలో ఉన్నా, అక్షయ తదియ నాడు ఒక్కరోజు అది ఒలిపించుకుని నిజరూపం చూపిస్తాడు. నాలుగేళ్ళుగా మావాడి నిజరూపం దొరకలేదు. నుదుటి నుంచి గడ్డం దాకా తెరలో కనబడుతున్నాడు. ఎత్తు ఎంత ఉన్నాడో, నడుం ఎంత పెరిగిందో తెలియదు.

మీరు వాడి ప్రతినిధిగా వచ్చానని అనుకుంటున్నారేమో. నాకో అనుమానం ఉంది. మీరు డల్లాస్ ముఖం చూశారా? వాడు రాత్రి పడుకుని ఫోనులో ఒక బొమ్మ మీద వేలు పెట్టాడు. మీరు ఈ దేశంలోనే ఏదో గోదాములోంచి లేచి వచ్చారు. వాడి చెయ్యి మీకు తగలలేదు. మీ మీద 'ప్రేమతో' అని ఉన్న చీటీని కూడా యంత్రమే అచ్చు వేసింది.

మేము పంపిన పార్శిల్ సంగతి అలా కాదు. పండగకు పది రోజుల ముందు మా ఆవిడ అరిసెలు చేసింది. పాకం ఉండ కట్టే అదను కోసం పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్కచుక్కగా వేసి చూసుకుని, పిండి కలిపి, చెక్కల మధ్య నూనె వత్తి తీసింది. వాటిని గాజువాకలో ఒక కొరియర్ దుకాణానికి తీసుకెళ్ళాం. కిలోల లెక్కన చూస్తే, లోపల ఉన్న సరుకుకంటే దాన్ని మోసినందుకే ఎన్నో రెట్లు అయింది. అక్కడి అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని, "విలువ ఎంత వేయమంటారండీ? కస్టమ్స్ వాళ్ళకు చెప్పాలి" అంది. మా ఆవిడ చాలాసేపు ఆలోచించింది. వెనక వరుసలో ఉన్నాయన దగ్గాడు. చివరికి నేనే, "వెయ్యి వేయమ్మా" అన్నాను. ఇంటికి వచ్చేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. అరిసెలు డల్లాస్‌కు పొడిపొడిగా చేరాయట. పాలల్లో వేసుకుని చెంచాతో తింటున్నానని వాడు చెప్పాడు.

ఇంతవరకూ చదివి మీరు నవ్వుకుంటూ ఉండవచ్చు, ఈ ముసలాయన తన సంగతి మాత్రం దాచుకున్నాడని. మీ తాతగారిని నేనెరుగుదును. ఆయన పేరు మనియార్డరు. 1990లో మా ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ను వెలిగించారు. దాని పేరు గోదావరి. తర్వాత వచ్చినవి కృష్ణ, అన్నపూర్ణ. మొదటి రెండింటికీ నదుల పేర్లు పెట్టినా లోపల పారేది ద్రవ ఇనుము. పండగ వచ్చిందని పొయ్యి ఆర్పితే లోపలిదంతా గడ్డకట్టుకుపోతుంది. అందుకని సంక్రాంతి నాడూ మూడు షిఫ్టులూ నడవాల్సిందే. మా అమ్మ చీపురుపల్లి దగ్గర ఊళ్ళో ఒక్కతే ఉండేది. విశాఖ నుంచి రెండు గంటల ప్రయాణం. నేను మనియార్డరు పంపేవాడిని. ఫారం అడుగున ఉత్తరం రాసుకోవడానికి నాలుగు వరుసల చోటు ఉండేది. 'క్షేమం. పండగకు రాలేను. డ్యూటీ ఉంది. కొత్త చీర కొనుక్కో.' అమ్మకు చదువు రాదు. పోస్టుమ్యాన్ అరుగు మీద కూర్చుని చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుని, అరిసెలు తిని వెళ్ళేవాడు. అంటే నా సంక్రాంతి భోజనం మూడేళ్ళు ఆయనే చేశాడు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆ మూడేళ్ళలో ఒక ఏడాది నాకు డ్యూటీ పడలేదు. పండగనాటి పనికి అదనంగా వచ్చే డబ్బుకు ఆశపడి, నేనే అడిగి సి షిఫ్టు వేయించుకున్నాను. ఆ డబ్బులోంచే మనియార్డరు కాస్త పెంచి పంపాను. ఇచ్చే చెయ్యి కదా అని గర్వంగా కూడా ఉండేది.

కాబట్టి మీ మీద కోపం పూర్తిగా నిలబడదు. కానీ మీకు ఒక్కటి చూపించాలని ఉంది, మీరు పుట్టకముందు సంగతి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను. పగలంతా గాలి మా కిటికీ తలుపులను పట్టుకుని గుంజింది. సాయంత్రానికి కింద ఉన్న బాదం చెట్టు వేళ్ళతో సహా పడింది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోను లేదు. విమానాశ్రయం పైకప్పే ఎగిరిపోయిన ఊళ్ళోకి మీరు వచ్చే దారి ఎక్కడిది? మావాడు అప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. మూడో రోజు చీకటి పడ్డాక తలుపు కొట్టారు. తీస్తే వాడు. అనకాపల్లి దాకా బస్సులో, అక్కడి నుంచి ఒక లారీ మీద వచ్చాడు. సంచిలో రెండు కొవ్వొత్తుల పెట్టెలు, ఒక పాలపొడి డబ్బా. మార్చుకోవడానికి తన బట్టలు తెచ్చుకోవడం మరిచిపోయాడు. నా పంచె కట్టుకుని పదిరోజులు ఉన్నాడు. ఇద్దరం కలిసి రంపంతో బాదం కొమ్మలు కోశాం, ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడ్డాం. దీపావళి వచ్చింది. ఊరంతా ఎండిన కొమ్మలు పడి ఉన్నాయి, నిప్పు రవ్వ పడితే ప్రమాదమని టపాసులు వద్దన్నారు. మేడ మీద ప్రమిదలు పెట్టి ముగ్గురం చాప మీద కూర్చున్నాం. గొప్ప మాటలేమీ మాట్లాడుకోలేదు. వాడు నా వీపు మీద దోమను కొట్టాడు. కాస్త గట్టిగానే కొట్టాడు. ఇప్పటికీ మా ఆవిడ ఏ పండగ బాగా జరిగిందంటే ఆ ఏడాది దీపావళి పేరే చెబుతుంది.

సరే, మొన్న కనుమ సంగతికి వద్దాం. మిమ్మల్ని మోసుకొచ్చిన కుర్రాడు ఇరవై రెండేళ్ళవాడు ఉంటాడు. శ్రీకాకుళం వైపు ఊరట. "పండగకు వెళ్ళలేదా నాయనా?" అని మా ఆవిడ అడిగితే, "ఈ మూడు రోజులూ డబ్బులు ఎక్కువ వస్తాయి మామ్మగారూ" అన్నాడు. ఆ మాట నాకెక్కడో తగిలింది. ఆవిడ వాణ్ణి కూర్చోబెట్టి గారెలు, కోడికూర పెట్టింది. నేను పోస్టుమ్యాన్‌ను చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాను.

మిమ్మల్ని అప్పగించాలంటే నాలుగు అంకెలు చెప్పాలట. అవి ఆర్డరు పెట్టినవాడి ఫోనుకు వెళ్ళాయట. డల్లాస్‌లో ఇంకా సంక్రాంతి రాత్రి పదకొండున్నర. ఫోను చేస్తే వాడు నిద్ర గొంతుతో ఎత్తాడు. తెరలో కాదు, ఉత్త గొంతు. చెప్పాడు. మొదటిసారే స్పష్టంగా వినిపించింది.

"సరిగ్గా వినబడలేదురా, మళ్ళీ చెప్పు" అన్నాను.

మళ్ళీ చెప్పాడు. అరిసెలు అయిపోయాయా అని అడిగాను. అయిపోవచ్చాయన్నాడు. అక్కడ చలి ఎంత అని అడిగాను. చెప్పాడు. అంకెలు ఇంకోసారి చెప్పమన్నాను. ఈ లోపు వాటి గడువు తీరిపోయింది. కుర్రాడు గారె నములుతూ నా వైపు చూసి, "పరవాలేదండీ, కొత్తవి పంపిస్తాను, మీరు మాట్లాడుతూ ఉండండి" అన్నాడు. రెండోసారి వచ్చిన వాటి గడువు కూడా తీరింది.

మూడోసారి అంకెలు మా ఆవిడ చేతికి ఫోను ఇచ్చి ఆవిడనే రాసుకోమన్నాను. ఆవిడ కళ్ళజోడు వెతుక్కోవడానికి వెళ్ళింది. కళ్ళజోడు ఆవిడ నెత్తి మీదే ఉంది.

ఇట్లు,
మీ మీద అంటించిన చిరునామాలో పేరున్న వ్యక్తి