నిషేధం వచ్చేలోపే తాబేళ్లు పోతున్నాయి
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేటకు నిషేధం ఉంది కాబట్టి సముద్ర తాబేళ్లకూ రక్షణ దొరుకుతోందని ఒక వ్యాసంలో రాశారు. చేపల వరకు ఒప్పుకుంటాను. ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్లు మాత్రం మన తీరానికి వచ్చేది చలికాలంలో, గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి, మార్చి మధ్య. అప్పుడు ట్రాలర్లు, అంటే వలను వెనకాల ఈడ్చుకెళ్లే మర బోట్లు, జోరుగా తిరుగుతుంటాయి. మాది ఉప్పాడ వైపు. సంక్రాంతి దాటాక ఒడ్డున నడిస్తే, డిప్ప మీద ఎక్కడా దెబ్బ లేకుండా, మెడ ఉబ్బిపోయి చచ్చిపడి ఉన్న తాబేళ్లు కనిపిస్తాయి. తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకోవాల్సిన జీవి. వలలో చిక్కితే ఊపిరాడక పోతుంది. దీనికి ఉపాయం లేక కాదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు సరిపడే టెడ్ (వలలో పడ్డ తాబేలును బయటికి వదిలే పరికరం) ఎప్పుడో తయారుచేసింది. వలలో ఏటవాలుగా ఒక కమ్మీల చట్రం ఉంటుంది. రొయ్యలు, చేపలు సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు కమ్మీలకు తగిలి పైనున్న దారిలోంచి బయటపడుతుంది. చేపలూ జారిపోతాయని బోటు యజమానుల టెన్షన్, అందులో తప్పేమీ లేదు. ఆ నష్టమెంతో వాళ్ల బోటులోనే, వాళ్ల కళ్లముందే తూచి చూపించాలి. నిషేధ కాలానికి భృతి ఇస్తున్నట్టే టెడ్ బిగించిన బోటుకూ ఎంతో కొంత ఇస్తే, డిసెంబరు లోపే బిగించుకుంటారు.