పందొమ్మిదేళ్ల రూలు గారికి

అయ్యా,

ముందుగా అభినందనలు. ఫిబ్రవరి 10న, పందొమ్మిదేళ్ల దాకా పిల్లలకి మాత్రలు పంచే తమరి నులిపురుగుల నిర్మూలన దినోత్సవం ఘనంగా జరిగింది. బ్యానరు కట్టారు, ఫొటో దిగారు, మా అన్నయ్య కొడుకు పురుగుల్ని చంపే ఆల్బెండజోల్ మాత్ర నమిలి మొహం వికారంగా పెట్టాడు. పక్కనే ఉన్న మా వదిన "టీచరుగారూ, నాకూ ఒకటివ్వండి, నాలుగడుగులేస్తే ఆయాసం వస్తోంది" అంది. "పందొమ్మిది దాటితే లేదమ్మా, ఆస్పత్రికెళ్లండి" అన్నారు. డబ్బాలో మాత్రలు కనిపిస్తూనే ఉన్నాయి. టీచర్ని అని ఏం లాభం, లెక్క తమరిది. ఆస్పత్రిలో మధ్యాహ్నమంతా బెంచీ మీద కూర్చోబెట్టి, చివరికి మాత్రలన్నీ బళ్లకు వెళ్లిపోయాయన్నారు. ఆ రోజు కూలి గోవిందా.

తమరిని ఒక్కటే అడుగుతాను. కొంకి పురుగుకి (అదే, హుక్‌వార్మ్‌కి) తమరి సర్క్యులర్ అందిందా? వదిన కాలు చూసి "అయ్యో, ఈవిడకి ముప్పై దాటాయి" అని వెనక్కి తిరుగుతుందా? తడి నేలలో ఉండే దాని పిల్ల ఒట్టి పాదం చర్మంలోంచి దూరి, చివరికి పేగుల్లో చేరి, గోడ కరుచుకుని రక్తం తాగుతుంది. ఏలికపాములు పిల్లల్లోనే ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ కొంకి పురుగు ఉన్నచోట అది ఎక్కువగా పెద్దవాళ్లలోనే కాపురం పెడుతుంది. మాత్ర కడుపులో ఉన్నవాటిని చంపుతుందే గానీ మళ్లీ రాకుండా ఆపదు. పెద్దల మలంతో గుడ్లు అదే చేలో పడుతుంటే, చెప్పుల్లేకుండా అదే చేలో తిరిగే పిల్లాడు ఆగస్టుకల్లా మళ్లీ మొదటికొస్తాడు. (మరుగుదొడ్లకి నీళ్ల సంగతి ఇంకో ఉత్తరంలో.)

గర్భిణులకైతే మూడు నెలలు దాటాక ఇదే మాత్ర ఇస్తారట. అంటే మా వదిన దీనికోసం మళ్లీ కడుపుతో ఉండాలా?

మొన్న పశువుల డాక్టరు వచ్చి ఊళ్లో గొర్రెలకీ మేకలకీ నట్టల మందు పోయించారు. ఏ గొర్రెనీ ఆధార్ అడగలేదు. మంద మొత్తానికీ పోశారు. సగం మందకి పోసి మిగతా సగాన్ని అదే బీట్లో వదిలితే ఏమవుతుందో గొర్రెలకాపరికి తెలుసు, తమరికే తెలియదు!

పోనీ, చేతకాదా? బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇదే ఆల్బెండజోల్‌ని డీఈసీ అనే బోదకాలు మందుతో కలిపి రెండేళ్ల పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ల దాకా ఇంటింటికీ తిరిగి పంచారు కదా. తమిళనాడులో జవ్వాదు కొండల్లో, అటు ఆఫ్రికాలో బెనిన్, మలావీల్లో నులిపురుగుల కోసమే ఊరందరికీ మాత్రలిచ్చి పరిశోధన కూడా చేశారు. అన్ని ఊళ్లలో పంచమని నేనూ అనను. మలపరీక్ష చేస్తే కొంకి పురుగు ఎక్కడ ఎక్కువుందో తెలిసిపోతుంది, కనీసం ఆ ఊళ్లలోనైనా ఆ వయసు గీత చెరిపేయండి.

రక్తం లేక తెల్లగా పాలిపోయిన ఆడవాళ్లని పోషకాహారం తినండమ్మా అని ఊదరగొట్టడం మాత్రం వచ్చు. తిన్నదాన్ని పురుగు తాగేస్తుంటే ఏం తిని ఏం లాభం, సిగ్గుండాలి.

మెడికల్ షాపులో చవగ్గానే దొరుకుతుంది, కొనుక్కోవచ్చుగా అంటారు. వదిన కొనుక్కుంది లెండి. మా వీధిలో మిగతావాళ్లందరికీ ఎవరు కొనాలి?

ఇట్లు,
తమరి లెక్కలో వయసు మీరిన ఒకడు