నవ్వు పిల్లాడి మీద, లాభం ఆట మీద

టీవీ కామెడీ స్కిట్లకు ఫోన్ గేముల పిచ్చి సులువైన సరుకైపోయింది. మంచం మీద ఫోన్ పట్టుకున్న కుర్రాడు, చీపురుకట్టతో తల్లి, ‘డైమండ్స్ అయిపోయాయి నాన్నా’ అని ఒక డైలాగు, తల బాదుకునే తండ్రి, జడ్జిల పకపకలు. అక్కడితో సరి. గేములో డబ్బులా వాడే ఆ డైమండ్స్ అమ్మేదెవరు, సరిగ్గా అప్పుడే అయిపోయేలా లెక్క కట్టిందెవరు అన్న ప్రశ్న స్టేజీ ఎక్కదు. విరామంలో వచ్చే ప్రకటనల్లో ఆ గేములూ ఉంటున్నాయి మరి. పిల్లాడిని చూపించి నవ్వించడం, ఆ పిల్లాడికే గేమును అమ్మిపెట్టడం... ఈ రెండు పనులూ ఒకే చానల్ ఒకే అరగంటలో చేస్తే దాన్ని వినోదం అనలేం. తొడ గిల్లి జోల పాడటమే అది.

వ్యంగ్యం వద్దని మేము అనడం లేదు. తిరుపతి వాళ్లకు వ్యంగ్యం గురించి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర వేషాలు కట్టి జనం వీధుల్లో నోటికొచ్చినట్లు తిడతారు. ఆ తిట్లు ఆడపిల్లల్ని చెరపట్టిన పాలెగాడిని ఉద్దేశించినవని కథ. వాడి చేతిలో నలిగినవాళ్లను కాదు. ఇవాళ్టి స్కిట్లు పాలెగాడిని వదిలేసి బాధితుడిని ఏడిపిస్తున్నాయి.

అసలు గురి ఎక్కడ పెట్టాలో అమెరికా టీవీ పదేళ్ల కిందటే చూపించింది. ‘సౌత్ పార్క్’ అనే కార్టూన్ కామెడీ 2014 నవంబరు 5న ప్రసారం చేసిన భాగం పేరు ‘ఫ్రీమియం ఈజ్‌న్ట్ ఫ్రీ’, అంటే ఉచితమని చెప్పి లోపల డబ్బు లాగే ఆట ఉచితం కాదని. ఉచితంగా దొరికే ఓ చెత్త మొబైల్ గేముకు బడి పిల్లాడు బానిసై వేల డాలర్లు తగలేస్తాడు. ఆ భాగానికి విలువ తెచ్చింది అది కాదు. మొబైల్ గేముల మంత్రి అనే పాత్ర వలపన్నే పద్ధతిని వరసగా విప్పి చెబుతుంది: చిన్న ఆటతో ఆకట్టు, మెరుపులతో మెచ్చుకో, ఉత్తుత్తి నాణేలు ఖర్చుపెట్టడం అలవాటు చెయ్, ఆ నాణేలను అసలు డబ్బుకు అమ్ము, ఆటంతా ఎదురుచూపులు చేసి, ఎదురుచూడకుండా ఉండటానికి రేటు పెట్టు. అమ్మేవాడి లెక్కల పుస్తకం అలా బయటపడింది.

తర్వాత ఏమైంది? 2017 నవంబరులో అదే సౌత్ పార్క్ పేరుతో ‘ఫోన్ డిస్ట్రాయర్’ అనే మొబైల్ గేమును యూబీసాఫ్ట్ విడుదల చేసింది. డౌన్‌లోడ్ ఉచితం. లోపల కార్డుల ప్యాకులు, వాటిని కొనడానికి ఉత్తుత్తి కరెన్సీ, ఆ కరెన్సీ కొనడానికి అసలు డబ్బు. ఎగతాళి చేసిన సూత్రాన్నే మూడేళ్లకు తమ బొమ్మలతో అంగట్లో పెట్టారు. అంత చురుకైన వ్యంగ్యానికే ఈ గతి పడితే, ప్రకటనల మీద బతికే మన స్కిట్ల మాట చెప్పాలా!

స్కిట్లు చూపించని సంగతి మేము చెబుతాం. మొదటి రోజు ఏ గేమైనా గెలిపిస్తుంది. బహుమతి పెట్టెలు క్షణాల్లో తెరుచుకుంటాయి. కొన్ని రత్నాలు ఉచితంగా చేతిలో పెట్టి, ‘ఇక్కడ నొక్కి వీటితో పని త్వరగా పూర్తి చెయ్’ అని నేర్పిస్తుంది. అంటే ఆట కంటే ముందు ఖర్చు నేర్పుతోందన్నమాట. తర్వాత బ్రేకు పడుతుంది. నిమిషంలో పూర్తయిన కట్టడానికి గంటలు, ఆనక రోజులు పడతాయి. క్యాండీ క్రష్‌లో ప్రాణాలు ఐదే, పోయిన ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట. ఐదూ పోతే రెండున్నర గంటలు. సరిగ్గా అక్కడ దుకాణం తలుపు తెరుచుకుంటుంది.

ఆ దుకాణంలో రూపాయి కనిపించదు. ఉదాహరణకు కావలసిన తుపాకీ స్కిన్ (ఆటలో తుపాకీకి వేసే కొత్త రూపు) ధర 100 రత్నాలు అనుకోండి. ప్యాకులు మాత్రం 80 రత్నాలది ఒకటి, 170 రత్నాలది ఒకటి ఉంటాయి. 100 ప్యాకు ఉండదు. 80 చాలదు కాబట్టి 170 కొంటాడు. స్కిన్ కొన్నాక 70 మిగులుతాయి, వాటికి వచ్చేదేమీ ఉండదు. ఇంకో 30 ఉంటే మరొకటి వస్తుంది కదా అని మళ్లీ కొంటాడు. ఆ మిగులు పొరపాటున మిగిలింది కాదు, మిగిలేలా ప్యాకులు కట్టారు. పదేళ్ల పిల్లాడు 70 రత్నాలంటే ఎన్ని రూపాయలో మనసులో లెక్క కట్టుకోలేడు. లెక్క కట్టనీయకపోవడమే ఆ రత్నాల పని.

ఇక రత్నాలతో కొనే పెట్టెల సంగతి. ఏ పెట్టెలో ఏముందో తెరిస్తే గానీ తెలియదు. అరుదైన వస్తువు దొరికే అవకాశం నూటికి ఒకటి అని రాసి ఉంటే, వంద పెట్టెలు తెరిస్తే ఒకటి ఖాయమని పిల్లలే కాదు, పెద్దలూ అనుకుంటారు. లెక్క అలా రాదు. వంద మంది తలా వంద పెట్టెలు తెరిస్తే అందులో సుమారు 37 మందికి ఆ వస్తువు అసలు దొరకదు. దీనికి తోడు ‘ఇంకా 9 నిమిషాలే’ అని తిరిగే గడియారం, ఒక్క రోజు ఆడకపోతే మొదటికొచ్చే బహుమతుల వరస, ‘నీ వల్లే ఓడిపోయాం’ అని తిట్టే జట్టు. వీటన్నిటి మధ్య పిల్లాడికి మనోనిబ్బరం లేదని నవ్వడం ఎవరికి మేలు చేస్తుంది?

కొనమని ఎవరూ బలవంతం చేయలేదు, ఎక్కువమంది పైసా పెట్టకుండానే ఆడుతున్నారు అని కంపెనీలు అంటాయి. నిజమే. డబ్బు పెట్టేది కొద్ది శాతమే. అందుకే ఈ వ్యాపారం ప్రమాదకరం. ఆపుకోలేని ఆ కొద్దిమంది జేబుల మీదే ఎక్కువగా నడుస్తోంది. వాళ్లను ఆ రంగంలో ‘తిమింగలాలు’ అంటారు. వీడియో గేములపై అదుపు కోల్పోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగా గుర్తించిన వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. రుగ్మత ఉన్నవాడే మహారాజ పోషకుడైన వ్యాపారాన్ని స్వేచ్ఛ పేరుతో సమర్థించలేం.

ద్వంద్వ నీతి టీవీలకే పరిమితం కాలేదు. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. కేంద్రం 2025 ఆగస్టులో చట్టం తెచ్చి డబ్బు ఆటలకు దేశమంతటా తలుపులు మూసింది. వాటిని నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు వేసినా శిక్షే. మంచిదే. కానీ ఆ చట్టం చూపంతా డబ్బు గెలుస్తామన్న ఆశ మీదే. డబ్బు తిరిగొస్తుందన్న ఆశతో పెడితే నేరం, తిరిగి రాదని తెలిసీ పెట్టిస్తే వినోదమా? పేకాటలో పదిసార్లకు ఒకసారైనా చేతికేదో వస్తుంది. రత్నాల పెట్టెలో వచ్చేది ఆ కంపెనీ సర్వర్ మూసేస్తే మాయమయ్యే బొమ్మ. డబ్బుకు అమ్మే ఇలాంటి పెట్టెలను బెల్జియం 2018లోనే జూదంగా తేల్చింది. ఒక్క బటన్ నొక్కుడుతో తెలియకుండా కొనిపించారన్న కేసులో ఫోర్ట్‌నైట్ అనే గేము కంపెనీ 2022లో అమెరికా ఆటగాళ్లకు 24.5 కోట్ల డాలర్లు తిరిగివ్వడానికి ఒప్పుకుంది.

మనకు కొత్త చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌లపై (కొనేవాడిని తెరమీదే దారి తప్పించే ఎత్తులపై) ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 మోసపు పద్ధతులున్నాయి. లేని తొందర పెట్టడం, పదే పదే విసిగించడం వాటిలో ఉన్నాయి. తిరిగే గడియారం అందులోకి రాదా? ఒక గేము తెరిచి గంటసేపు చూస్తే అధికారులకు సాక్ష్యం తెరమీదే దొరుకుతుంది.

సెలవులొస్తే ముప్పు పెరుగుతుంది. రాత్రి ట్రిప్పులకు కొండకెళ్లే ట్యాక్సీ డ్రైవరు పగలు నిద్రపోతాడు, ఫోన్ పిల్లల చేతిలో ఉంటుంది. చిత్తూరు వైపు మామిడి కోతలకు, మండీలకు వెళ్లే ఇళ్లలోనూ అంతే. యూపీఐ పిన్ పిల్లలకు తెలిసే ఉంటుంది, బ్యాంకు మెసేజీ వచ్చేదీ అదే ఫోన్‌కు. 29, 89 రూపాయల చొప్పున పోతుంటే నెలాఖరుకు గానీ తెలియదు. అందుకే ఈ రోజే చేయండి: ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో పర్చేజ్ వెరిఫికేషన్‌ను ప్రతి కొనుగోలుకూ అడిగేలా పెట్టండి. అందులో దాచిన బ్యాంకు కార్డులు తీసేయండి. పిన్ మార్చండి. పిల్లలకు వేరే ఫోన్ ఉంటే గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ ద్వారా ప్రతి కొనుగోలూ మీ అనుమతికి వచ్చేలా చేయండి. డబ్బు పోయిందని తెలిస్తే 48 గంటల్లోపే గూగుల్ ప్లేలో రీఫండ్ అడగండి, ఆలస్యమైతే దారులు సన్నబడతాయి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. పిల్లాడిని కొడితే మాత్రం ఈసారి మెసేజీ చెరిపేసి మరీ కొంటాడు.

తల్లిదండ్రులు ఇంత చేయాలని చెప్పే హక్కు చానళ్లకు మాత్రం లేదు. ఆన్‌లైన్ బెట్టింగ్ ప్రకటనలు ఆపమని కేంద్ర సమాచార శాఖ 2022లో రెండుసార్లు చెప్పాల్సి వచ్చిన పరిశ్రమ ఇది. నవ్వించే సత్తా ఉన్న రచయితలు మన దగ్గర కరువు కాలేదు. ఆ 80, 170 రత్నాల ప్యాకును స్టేజీ మీద పెట్టి అమ్మేవాడిని నిలదీసే స్కిట్ ఒక్కటి రాయనివ్వండి. దాన్ని ప్రసారం చేసిన రోజు ఆ గేముల ప్రకటనలు తీసుకోకండి. ఆ ఆదాయం వదులుకోలేమంటారా, అయితే మా ఊరి పిల్లల్ని స్టేజీ ఎక్కించి వెక్కిరించడం మానేయండి.