కొఠియాకు ఆర్టిలరీ వాళ్లను పంపండి

భువనేశ్వర్‌కూ అమరావతికీ నాదొక మనవి. సరిహద్దులో ఒడిశా, ఆంధ్రా రెండూ మావే అంటున్న కొఠియా గ్రామాల విషయంలో కోర్టులూ కమిటీలూ ఇక చాలు. రెండు వైపుల నుంచీ ఆర్టిలరీ వాళ్లను, అదే సైన్యంలోని ఫిరంగి దళాన్ని, దింపండి. కంగారు పడకండి, గుండ్లు అక్కర్లేదు. వాళ్లు గురిపెట్టే పద్ధతి ఒక్కటి చాలు.

సుంకి ఘాట్ దగ్గర టీకొట్లో కూర్చునే రిటైర్డ్ హవల్దారు బాబాయి ఒకాయన నాకీ విద్య బోధించారు. "ఫిరంగి దగ్గరున్నోడికి శత్రువు కనపడడు బాబూ, మధ్యలో కొండుంటాది" అన్నారు. మరి గురెలా? ముందు గట్టుమీద బైనాక్యులర్స్ పట్టుకుని ఒక అబ్జర్వర్ పొంచి ఉంటాడు. అతను వైర్‌లెస్‌లో చెప్పిన చోటును బట్టి వెనక కమాండ్ పోస్టులో లెక్క కడతారు. గాలి ఎటు వీస్తోంది, పేలుడు మందు ఎంత వేడెక్కింది, గొట్టం ఎంత అరిగింది, అన్నీ చూస్తారు. వృత్తాన్ని మనం 360 భాగాలు చేస్తాం, వీళ్లు 6400 చేస్తారు. అందులో ఒక్క భాగం తేడా వస్తే 20 కిలోమీటర్ల అవతల గుండు 20 మీటర్లు పక్కన పడుతుంది. కొండల మీద పల్చటి గాలిలో గుండు ఇంకా దూరం పోతుంది కాబట్టి 1999లో కార్గిల్‌లో బోఫోర్స్ ఫిరంగులకు ఆ లెక్కా వేసుకోవాల్సి వచ్చింది.

ఇంత చేసినా మొదటి గుండు అటో ఇటో పడుతుంది. అబ్జర్వర్ "కుడికి 100, ముందుకు 200" అంటాడు. కుర్ర లెఫ్టినెంట్ తప్పు పట్టాడని 155 ఎంఎం ఫిరంగి చిన్నబుచ్చుకోదు, పత్రికా ప్రకటన ఇవ్వదు. సరిగ్గా తగిలిందని కబురొచ్చాకే బ్యాటరీ, అంటే ఆ ఫిరంగుల జట్టు, మొత్తం పేలుతుంది.

ఇక మనవాళ్ల గురి చూడండి. 1968లోనే కోర్టుకెక్కిన తగవు ఇది. పొట్టంగి బ్లాకని ఒడిశా వాళ్లు, సాలూరు మండలమని ఆంధ్రా వాళ్లు. 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు పరుగెత్తింది. గిరిజనుడి చేతిలో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. రెండు బ్యాటరీలూ పథకాలు పేలుస్తూనే ఉన్నాయి. అవి ఎక్కడ పడ్డాయో చెప్పే అబ్జర్వర్ మాత్రం ఇద్దరికీ లేడు. ఉన్న బైనాక్యులర్స్ అన్నీ అవతలి రాష్ట్రం బోర్డు మీదే.

ఆర్టిలరీలో ఒక్క పాఠం మాత్రం మన నాయకులకు ఎవరూ నేర్పక్కర్లేదు. గుండు వచ్చిన దారిని రాడార్ పసిగట్టి ఫిరంగి ఎక్కడుందో చెప్పేస్తుంది గనుక, పేల్చిన వెంటనే చోటు మార్చేయాలి. శంకుస్థాపన చేసినవాళ్లు చీకటి పడకముందే కొండ దిగిపోయేది అందుకేనేమో!

కాబట్టి గట్టుమీద ఒక వైర్‌లెస్ సెట్టూ, "మీ అంగన్‌వాడీ వాగుకు అవతల పడింది బాబూ, ఇవతలికి జరపండి" అని చెప్పగల ఊరి అవ్వా ఉంటే చాలు. ఆమె జీతం ఎవరివ్వాలన్నది తేలేదాకా స్టే తెచ్చుకోవచ్చు.