కొరాపుట్ ఘాటీల్లో పెద్ద బండి: సీసీ కన్నా బ్రేకు ముఖ్యం

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, జైపూర్, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్లలో ఈ మధ్య తరచూ వినిపిస్తున్న మాట: పాత స్ప్లెండర్ ఇచ్చేసి త్రీ ఫిఫ్టీ తీసుకుందామా? కారణం తెలిసిందే. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బైకులపై జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఆపైన ఉన్నవాటికి 40 శాతం అయింది. దాంతో ఎలాగూ కొంటున్నాం కదా, పన్ను తగ్గినంతవరకూ వెళ్లిపోదాం అన్న ఆలోచన వచ్చింది. డబ్బు వరకు అది సబబే. మన రోడ్ల విషయంలో మాత్రం కాదు. 100 సీసీ మీద చెయ్యి తిరిగిన కుర్రాడు నేరుగా 350 ఎక్కకుండా, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న 150, 160 లేదా 200 సీసీ బండి మీద ఒకటి రెండు వానాకాలాలు ఘాటీలు, అంటే కొండ మలుపుల దారులు, తిరగాలి. ఆ తర్వాతే పెద్దది కొనాలి. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట అని నా నమ్మకం.

సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారినే తీసుకోండి. ఎక్కేటప్పుడు పెద్ద బండి సుఖం నిజమే. స్ప్లెండర్‌కు దాదాపు 8 హార్స్‌పవర్, 8 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం). వెనక మనిషి, ముందు సంచి ఉంటే మలుపు మలుపుకీ సెకండ్ గేరే. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 20 హార్స్‌పవర్, 27 న్యూటన్ మీటర్లు. పైగా ఆ టార్క్ 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గరే వచ్చేస్తుంది, కాబట్టి ఇంజన్ అరవకుండా ఎక్కేస్తుంది. టెస్ట్ రైడ్‌లో అందరికీ నచ్చేది ఇదే.

ఆ రోడ్డే దిగి చూడండి. స్ప్లెండర్ బరువు 112 కిలోలు, క్లాసిక్ 195. అంటే 83 కిలోలు ఎక్కువ. వెనక ఎప్పటికీ దిగని ఒక మనిషిని కూర్చోబెట్టుకున్నట్టే. దానికి తోడు వేగం. మనకు తెలియకుండానే 40లో తీసుకునే మలుపును 60లో తీసుకుంటాం. వేగం 40 నుంచి 60కి పెరిగితే బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం రెండింతలకు పైగా అవుతుంది. వాలులో అది ఇంకా పెరుగుతుంది.

అసలు చిక్కు కాలి అలవాటులో ఉంది. చిన్న బండి నడిపేవాళ్లలో చాలామంది కాలి బ్రేకు మీదే బతికేస్తారు. 2019 ఏప్రిల్ తర్వాత 125 సీసీ, అంతకన్నా చిన్న బండ్లకు కలిపి పనిచేసే బ్రేకులు తప్పనిసరి అయ్యాయి. కాలితో నొక్కితే ముందు చక్రానికి కూడా కొంత బ్రేకు పడుతుంది. మంచి ఏర్పాటే, కానీ ముందు బ్రేకు విడిగా నేర్చుకోవాల్సిన అవసరం మనకు కనిపించకుండా చేసింది. 350లో అలా ఉండదు. కాలిది వెనక చక్రానికే, ముందుది చేత్తో పట్టాల్సిందే. వాలులో బరువంతా ముందుకు వచ్చేస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. అలాంటప్పుడు కాలి బ్రేకు ఒక్కదాన్ని నమ్ముకుంటే బండి ఆగాల్సిన చోట ఆగదు. ముందు డిస్కును మెల్లగా పట్టి, క్రమంగా బిగించడం వేళ్లకు అలవాటు కావాలి. ఇది ఒక్క రోజులో రాదు. 200 కిలోల బండి మీద, సుంకి మలుపులో, ఎదురుగా లారీ వస్తుండగా నేర్చుకునే విద్య అసలే కాదు.

ఏబీఎస్ ఉందిగా, టెన్షన్ ఎందుకు అంటారు. 125 సీసీ దాటిన బండ్లకు అది తప్పనిసరి, నేను మధ్యస్థాయి బండి అనడానికి ముఖ్యమైన కారణం కూడా అదే. కానీ ఏబీఎస్ చేసేది చక్రం బిగుసుకుపోకుండా చూడటం, హ్యాండిల్ మన చేతిలో ఉంచడం. వాన కడిగి తెచ్చిన గులకరాళ్ల మీద ఆగే దూరాన్ని అది పెంచవచ్చు కూడా. మలుపులో బండి వాల్చి ఉండగా గట్టిగా బ్రేకు వేస్తే ఈ ధరలో దొరికే ఏబీఎస్ కాపాడుతుందని అనుకోకూడదు.

పెట్రోలు కలిసొస్తుందని దిగుడులో న్యూట్రల్ వేసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. చిన్న బండికే అది ప్రమాదం. పెద్ద బండిలో బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గాక చేయగలిగేది చాలా తక్కువ. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి.

ఇంకో సంగతి, చిన్న బండి బలహీనతే ఇన్నాళ్లూ మనల్ని కాపాడింది. సరుకు లారీ వెనక ఓపిగ్గా వెళ్లింది మంచి బుద్ధితో కాదు, దాటే సత్తా బండికి లేక. ఆ సత్తా చేతికొచ్చిన రోజు నుంచి ప్రతి మలుపు ముందూ మనమే వద్దనుకోవాలి.

సీసీ అంకె కూడా పూర్తి నిజం చెప్పదు. క్లాసిక్ 350 ఇచ్చేది 20 హార్స్‌పవర్ అయితే ట్రయంఫ్ స్పీడ్ 400 ఇచ్చేది 40. సీసీలో తేడా యాభై, శక్తిలో రెట్టింపు. మొదటిది బరువుతో పరీక్షిస్తుంది, రెండోది దూకుడుతో. అయినా మన చట్టానికి రెండూ గేరున్న మోటార్‌సైకిళ్లే. పద్దెనిమిదేళ్ల కుర్రాడు వంద సీసీ బండి మీద ఎనిమిది అంకె తిప్పి లైసెన్సు తెచ్చుకుని, మర్నాడే 650 సీసీ నడిపినా తప్పు లేదు. ఐరోపా దేశాల్లో బైకు లైసెన్సుకు ఏ1, ఏ2, ఏ అని మెట్లున్నాయి. మొదటి మెట్టు 125 సీసీ, రెండోది 35 కిలోవాట్ల శక్తి వరకు. ఇక్కడా అలాంటి మెట్లు రావాలి. వచ్చేదాకా ఇంట్లో పెద్దవాళ్లే ఆ మెట్టు పెట్టాలి, డబ్బు ఇచ్చేది ఎలాగూ వాళ్లే.

ఖర్చులో థర్డ్ పార్టీ బీమా ప్రీమియం 150 సీసీ దాటితే దాదాపు రెట్టింపు, 350 దాటితే మళ్లీ రెట్టింపు. సరిహద్దు అవతల పార్వతీపురంలోనో విజయనగరంలోనో సెకండ్ హ్యాండ్ బండి దొరికితే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని ఇటువైపు రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. ఏడాది దాటి ఇక్కడే ఉంచితే అది తప్పనిసరి. ట్యూబ్ టైర్లా, ట్యూబ్‌లెస్సా అన్నది కూడా చూడండి. పొట్టంగి దాటాక పంక్చరైతే 195 కిలోలు తోసుకుంటూ వెళ్లలేం.

ఇంట్లో ఉన్న చిన్న బండిని మాత్రం తొందరపడి ఎక్స్ఛేంజీలో వదలొద్దు. సంతకు వెళ్లే నాన్న, డ్యూటీకి వెళ్లే అక్క దాన్నే నడపగలరు.

ఇప్పటికే పెద్దది కొనేసినవాళ్లు ఘాటీ ఎక్కే ముందు సాలూరు దిగువన రోడ్డు చదునుగా, ఖాళీగా ఉన్న చోట 40లో, ఆపైన 60లో ముందు బ్రేకు పట్టి ఎంత దూరంలో ఆగుతుందో చూసుకోండి. మొదట ఒక్కరే, తర్వాత వెనక మనిషితో. ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి.