ముట్టడి ఎంతసేపో పొయ్యి చెబుతుంది

చారిత్రక పట్టణంలో ఫుడ్ టూర్ అంటే తిండినీ చరిత్రనూ సమపాళ్లలో కలిపి వడ్డిస్తారని జనం అనుకుంటారు. అమాయకత్వం. మూకుడులో నూనె కాగేదాకా జనాన్ని గుమ్మం బయట ఆపి ఉంచడమే అక్కడ చరిత్రకిచ్చిన ఉద్యోగం. ఆ ఉద్యోగం అది ఎంతో నిష్ఠగా చేస్తుంది.

లెక్క వేసి చూడండి. గైడు వెంట పన్నెండు మంది, మూడు గంటలు, తినడానికి ఆరు దుకాణాలు, నడవడానికి రెండు కిలోమీటర్లు. గుంపు నడక గంటకు మూడు కిలోమీటర్లు దాటదు కాబట్టి కాళ్లకు 40 నిమిషాలు. దుకాణానికి 15 చొప్పున నోటికి 90. ఇక 180లో మిగిలింది 50. ఊరి వెయ్యేళ్ల చరిత్ర, టాయిలెట్ వెతుకులాట, ఫోటోల కోసం వెనకబడ్డవాళ్ల నిరీక్షణ అన్నీ ఆ 50లోనే సర్దుకోవాలి. టాయిలెట్ ఎక్కడుందో గైడుకు ముందే తెలియకపోతే గంటన్నర దాటాక ఏ రాజు గొప్పతనమూ ఎవరి చెవికీ ఎక్కదు.

కనుక మంచి గైడు ప్రతి కథనూ మూడు సైజుల్లో కుట్టించి పెట్టుకుంటాడు: రెండు నిమిషాలది, ఐదుది, పన్నెండుది. తర్వాతి దుకాణానికి పది నిమిషాల ముందు ఫోన్ చేసి, జవాబును బట్టి సైజు ఎంచుకుంటాడు. ఫోన్ మరిచిన గైడు బతుకు దుర్భరం. పన్నెండు ప్లేట్లు ఒక్కసారి అడిగితే చిన్న కొట్టు ఉక్కిరిబిక్కిరవుతుంది. పన్నెండోవాడికి ప్లేటు అందేసరికి మొదటివాడు చెయ్యి కడుక్కుని ఉంటాడు.

అందుకని కొందరు ముందే వండి పెట్టమంటారు. వేడి పదార్థం 60 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపు ఉండాలన్నది వంటింటి నియమం. ఆ మధ్యలో రెండు గంటలు వదిలేస్తే సూక్ష్మజీవులు మనకన్నా ముందే టూర్ మొదలుపెడతాయి. పొద్దున వండి బయటే ఉంచినదాన్ని ‘పాతకాలపు రుచి’ అని పరిచయం చేసే గైడు అబద్ధమాడాడని మాత్రం అనలేం.

పాతకాలమంటే గుర్తొచ్చింది. ‘వెయ్యేళ్ల నాటి రాజవంటకం’ అని నోట్లో పెట్టినదాంట్లో మిరపకాయ, టమాటా, బంగాళాదుంప ఉన్నాయేమో చూసుకోండి. ఈ మూడూ 1492లో కొలంబస్ ఓడలు అట్లాంటిక్ దాటాకే అమెరికా ఖండాల నుంచి తక్కిన లోకానికి బయల్దేరాయి. మీ టూరు ఆ ఖండాల్లోనే అయితే సరే. లేదంటే ఆ రాజుగారు తిన్నదేమిటని అడగకండి, పన్నెండు నిమిషాల సైజు బయటికి వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మొదటి దుకాణదారుడి మంచితనం. తలా 50 నుంచి 60 గ్రాములు చొప్పున ఆరు చోట్ల తింటే 300, 360 గ్రాములు, అంటే నిండు భోజనం. ఆయన మర్యాద కోసం 200 గ్రాములు పెట్టి, పైన కొసరు కూడా వేస్తాడు. ఆకలి రుచెరగదు, అందరూ ఊడ్చేస్తారు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆలోపు రెండో కొట్టు కూడా వచ్చేస్తుంది. నాలుగో చోట మిగిలేది కడుపు నిండిన బేరమే: ఫోటో తీసి, ప్లేటు పక్కవాడికి జరుపుతారు.

వరసా ముఖ్యమే. తేలికైనది ముందు, కారం తర్వాత, తీపి చివర. కారం ముందు పెడితే నాలుక మండిపోయి ఆపైన అన్నీ ఒకే రుచి. నీళ్లు తాగినా లాభం లేదు, మిరపలోని మంట నీళ్లలో కరగదు, పాలో పెరుగో కావాలి. తీపి తర్వాత పుల్లటి పానీయమిస్తే మరీ పులుపనిపించి, తప్పు తయారుచేసినవాడి మీద పడుతుంది.

మద్యం ఉన్న టూరైతే దాన్ని మూడో దుకాణానికి ముందు రానివ్వకూడదు. ఖాళీ కడుపులో అది చిన్నపేగుకు త్వరగా చేరి, త్వరగా నెత్తికెక్కుతుంది. రుచికి 50 మిల్లీలీటర్లు, పక్కన గ్లాసు మంచినీళ్లు చాలు. మొదట్లోనే పోస్తే గుంపు హుషారెక్కి గైడు జోకులకు తెగ నవ్వుతుంది, నిజమే. కానీ పాత ఊళ్ల రాళ్లబాటలు ఎత్తుపల్లాల కోసమే పుట్టాయి, నవ్వే కాళ్లను అవి నిలబడనివ్వవు.

ఇక పడనివాటి సంగతి. బుకింగప్పుడు అందరూ ‘ఏమీ లేదు’ అనే రాస్తారు. వేరుశెనగ పడదన్న సంగతి ఒకాయనకు నాలుగో దుకాణంలో, ముద్ద నోటి దాకా వచ్చాక గుర్తొస్తుంది. ‘ఇందులో పల్లీల్లేవండీ’ అంటాడు దుకాణదారుడు. నిజమే, వంటకంలో లేవు, గరిటెకున్నాయి. బయల్దేరేముందు ఒక్కొక్కర్నీ నోటితో అడగడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ చాలా టూర్లలో ఊరి స్థాపకుడి వంశవృక్షానికి పోతాయి.

ఆరో దుకాణం దగ్గర గైడు కథలో కోట ముట్టడి జరుగుతుంది. శత్రువులు గోడ దాకా వచ్చారు. గైడు లోపలికి ఓ చూపు విసురుతాడు, పొయ్యి ఇంకా అంటుకోలేదు. శత్రువులు ఇంకో వర్షాకాలం బయటే గుడారాలేసుకుంటారు. లోపల చెయ్యి ఊపగానే తలుపులు బద్దలవుతాయి. గెలిచిందెవరని ఎవరో అడగబోతారు గానీ, ఈలోపు ప్లేట్లొచ్చేస్తాయి.